మా పిల్లికి మాటిమాటికీ విరేచనాలు, ఏం పెట్టమంటారు?

పాఠకుల ప్రశ్నలు – పశువైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది చీపురుపల్లి. మా ఇంట్లో తొమ్మిది నెలల మగ పిల్లి ఉంది, పేరు చిట్టి. రెండు నెలల పిల్లగా ఉన్నప్పుడు మా పెరట్లో కట్టెల మోపు వెనక దొరికింది. అప్పట్నుంచీ ఇదే గొడవ. రెండు మూడు వారాలు బాగుంటుంది, మళ్లీ విరేచనాలు పట్టుకుంటాయి. అలా నాలుగు రోజులు, రోజుకి ఐదారు సార్లు కొంచెం కొంచెంగా పోతుంది, జిగటగా ఉంటుంది, ఒకట్రెండు సార్లు ఎర్రటి చుక్క కూడా కనిపించింది. ఆట మాత్రం మానదు, ఆకలీ బాగానే ఉంది, బరువు రెండున్నర కిలోలు. పొద్దున్న మా అత్తగారు పాలన్నం పెడతారు. మధ్యాహ్నం మేం తినే చేప ముక్కో, ఎండు నెత్తళ్లో వేస్తాం. సాయంత్రం పిల్లలు ప్యాకెట్ ఫుడ్ పెడతారు. పడట్లేదేమోనని ఆ కంపెనీ ఇప్పటికి నాలుగుసార్లు మార్చాం. బలమని ఆదివారం చికెన్ లివర్ పెడతాం. నులిపురుగుల మందు ఒకసారి వేశాం. విరేచనాలు వచ్చినప్పుడల్లా మావారు మెడికల్ షాపులో మనుషుల మాత్ర తెచ్చి పావు ముక్క వేస్తారు, తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. పక్కింటివాళ్లు చేపా మాంసం మానేసి పెరుగన్నం పెట్టండి, చలవ చేస్తుందంటున్నారు. ఇంకొకరు ఒక రోజు కడుపు మాడ్చమంటున్నారు. టెన్షన్‌గా ఉందండీ. అసలు ఏం పెట్టమంటారు?
– ఒక గృహిణి, చీపురుపల్లి

జవాబు: అమ్మా, మీ చిట్టి వారంలో ఎన్ని రకాలు తింటోందో ఒకసారి లెక్కేసుకోండి. పాలు, అన్నం, కూరలో చేప, ఎండు చేప, ప్యాకెట్, ఆదివారం లివర్. ఇన్నిట్లో ఏది పడట్లేదో కనిపెట్టడం ఏ డాక్టరుకైనా కష్టమే. విరేచనాలు రాగానే మీరు ఒకటి మారుస్తున్నారు, ఆ మార్పుకి పేగులు సర్దుకునేలోపు మళ్లీ వస్తున్నాయి, దాంతో కంగారుపడి ఇంకోటి మారుస్తున్నారు. అందుకని మీకు గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. మార్చడం ఆపండి. ఒకే తిండి, కొలిచి, కొన్ని వారాలపాటు, ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండి పెట్టండి. దానికంటే ముందు చేయించాల్సిన పని ఇంకొకటి ఉంది, మల పరీక్ష.

మీరు రాసిన లక్షణాలు బాగా ఉపయోగపడ్డాయి. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు వెళ్లడం, జిగట, ఎప్పుడైనా ఎర్రటి నెత్తురు చుక్క, ఇవి పెద్దపేగు ఇబ్బందికి గుర్తులు. అదే చిన్నపేగులో తేడా ఉంటే ఒక్కోసారికి ఎక్కువ మోతాదులో పోతుంది, ఎంత తిన్నా ఒంటికి పట్టదు, చిక్కిపోతుంది. చిట్టి ఆడుతోంది, తింటోంది కాబట్టి ఈ రాత్రే పరిగెత్తాల్సిన పరిస్థితి కాదు. కానీ ఏడు నెలలుగా తిరగబెడుతున్నదాన్ని తిండి తేడా అని మనంతట మనమే తేల్చేయకూడదు.

పెరట్లో దొరికిన పిల్లకి జియార్డియా, కాక్సిడియా లాంటి కంటికి కనిపించని పరాన్నజీవులు ఉండే అవకాశం ఎక్కువ. మీరు వేసిన నులిపురుగుల మందు ఏలికపాములకీ కొంకి పురుగులకీ పనిచేసి ఉండొచ్చు, వీటిలో కాక్సిడియాకి అసలు పనిచేయదు, జియార్డియాకి ఒక్క డోసు చాలదు. ట్రైట్రైకోమోనాస్ అని ఇంకోటి ఉంది, అది పడుచు పిల్లుల్లో సరిగ్గా మీరు చెప్పినట్టే, తిండి బాగా తింటూ ఆడుతూనే జిగట విరేచనాలు తెప్పిస్తుంది. ఈ మూడింటికీ మందులు వేరు వేరు. అందుకని మూడు నమూనాలు, రోజు విడిచి రోజు తీసి, దేనికది తీసిన రోజే తీసుకెళ్లండి, ఎందుకంటే జియార్డియా ప్రతిసారీ మలంలో బయటపడదు. మూత ఉన్న శుభ్రమైన డబ్బాలో, ఇసుక అంటకుండా, తీసిన కొద్ది గంటల్లో ఇవ్వాలి. నిన్నటిది ఎండిపోయాక తీసుకెళ్తే పరీక్ష చేసినా లాభం తక్కువ. మీకు పక్కనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ అడగండి, లేదా మీ ఊరి పశువుల ఆస్పత్రి డాక్టరు గారిని మైక్రోస్కోపు కింద చూడమని అడగండి. ఆవులూ గేదెలూ ఎక్కువగా వచ్చే చోట పిల్లి మలం తీసుకెళ్లడానికి మొహమాటపడేవాళ్లను చాలామందిని చూశాను. మొహమాటం వద్దమ్మా, అది వాళ్ల పనే.

ఇప్పుడు ఆ మాత్ర సంగతి. దయచేసి మీవారిని ఈ రోజే ఆపమనండి. మనుషుల విరేచనాలు ఆపే మాత్ర పేగు కదలికని ఆపేస్తుంది, బయటికి పోవాల్సింది లోపలే ఉండిపోతుంది, పైగా కొన్ని పిల్లులు ఆ మందుకి నిలవలేక పిచ్చెత్తినట్టు తిరుగుతాయి. అది యాంటీబయాటిక్ అయితే చెడుతోపాటు పేగులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు కూడా పోతాయి, తగ్గినట్టే తగ్గి మళ్లీ రావడానికి అదీ ఒక కారణం. రేపు జ్వరమనిపించి పారాసిటమాల్ ముక్క వేశారంటే మాత్రం ప్రాణానికే ప్రమాదం. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు, పెద్దవాళ్లం వేసుకునే ఒక్క మాత్ర పిల్లిని చంపడానికి చాలు. ఇది ఎన్నిసార్లు రాసినా ఇంకోసారి రాయాలనే అనిపిస్తుంది.

ఇక తిండి. పాలతో మొదలుపెడదాం. తల్లి పాలు మానేశాక పిల్లి కడుపులో పాలలోని చక్కెరని అరిగించే ఎంజైము బాగా తగ్గిపోతుంది. అరగని ఆ చక్కెర పెద్దపేగులోకి దిగి నీటిని లాగుతుంది, పులుస్తుంది, విరేచనం అవుతుంది. కొన్ని పిల్లులు కాస్త పాలు తట్టుకుంటాయి, చిట్టి తట్టుకోలేనట్టే ఉంది. పాలన్నం ఈ రోజు నుంచే బంద్. పెరుగులో ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి పాలంత చేటు చేయదు, ఎప్పుడో ఒక చెంచా నాకితే భయపడక్కర్లేదు, కానీ దాన్నే తిండిగా పెట్టి చేపా మాంసం మానేయమన్న సలహా మాత్రం వినకండి. పిల్లికి మాంసం ప్రాణాధారం, కుక్కలా అన్నంతో సరిపెట్టుకునే శరీరం కాదు దానిది. మాంసంలో, చేపలో ఉండే టారిన్ అనే పదార్థం చాలకపోతే కంటిచూపు దెబ్బతింటుంది, గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. గుండెకీ టారిన్‌కీ ఉన్న ఈ సంబంధం 1987లో అమెరికాలో తేలాకనే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి. పెరుగన్నం మీద నెలల తరబడి బతికే పిల్లి విరేచనాలు లేకపోయినా లోపల చిక్కుతూనే ఉంటుంది.

ఎండు నెత్తళ్లు మన వైపు ప్రతి ఇంట్లో ఉంటాయి, ఆ వాసనకి పిల్లి కాళ్లకి చుట్టుకుంటుంది, పెట్టకుండా ఉండటం కష్టమే. కానీ అందులో ఉప్పు చాలా ఎక్కువ, నిలవ ఉన్న కొద్దీ చేపలోని కొవ్వు కారుతుంది, వానాకాలంలో బూజు కూడా పడుతుంది. కూరలో చేప ముక్క కడిగి పెడుతున్నామంటారు, ఉల్లి, వెల్లుల్లి రసం మాత్రం ముక్క లోపలికి దిగే ఉంటుంది. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాల్ని పగలగొడతాయి, కొంచెం కొంచెంగా రోజూ వెళ్లినా రక్తహీనత వస్తుంది. లివర్ సంగతికొస్తే, అందులో ఎ విటమిన్ మరీ ఎక్కువ, తరచూ ఎక్కువెక్కువ పెడితే ఎముకలు, కీళ్లు బిగుసుకుపోతాయి. పైగా అలవాటు లేని కడుపులో ఒకేసారి అంత లివర్ పడితే ఆదివారం పెట్టింది సోమవారం విరేచనమై రావచ్చు. మీరు తేదీలు రాసుకుని ఉంటే ఇది ఎప్పుడో బయటపడేదేమో.

కడుపు మాడ్చమన్నవాళ్ల మాట కూడా వినకండి. ఎదిగే పిల్ల, దాని ఒంట్లో నిలవ తక్కువ, ఆకలితో ఉంచితే నీరసిస్తుంది. పెద్ద పిల్లులకైతే, అందులోనూ లావుగా ఉన్నవాటికి, రెండు మూడు రోజులు తిండి లేకపోతే కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదికి వస్తుంది.

మరి ఏం చేయాలంటే, మీరు మార్చిన నాలుగు ప్యాకెట్లలో ఏది తిన్నప్పుడు చిట్టి కొంచెమైనా నయంగా ఉందో గుర్తు తెచ్చుకుని అదొక్కటే ఎంచుకోండి. గుర్తు రాకపోతే ఇప్పుడు ఏది తింటోందో దానితోనే ఉండండి. ప్యాకెట్ మీద ఏడాది లోపు పిల్లలకని, అంటే కిట్టెన్ అని ఉండాలి, కంప్లీట్ అని కూడా ఉండాలి. ఆ మాట లేనిది పైపై చిరుతిండి, పూర్తి భోజనం కాదు. షాపువాళ్లు పెద్ద బస్తా విప్పి కిలోల లెక్కన కవర్లో పోసి ఇచ్చేది కొనకండి. తేదీ తెలియదు, మన సముద్రపు గాలి తేమకి అందులో నూనె త్వరగా పాడవుతుంది. చిన్న ప్యాకెట్ కొని, బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

చిట్టి బరువుకీ వయసుకీ డ్రై ఫుడ్ రోజుకి దాదాపు 60 గ్రాములు చాలు. ఒక్కో ప్యాకెట్‌లో శక్తి ఒక్కోలా ఉంటుంది కాబట్టి వెనక ఉన్న పట్టీ చూసుకుని సరిచేసుకోండి. దాన్ని నాలుగు పూటలకి పంచండి. గిన్నె నిండా పోసి రోజంతా వదిలేయడం వద్దు, ఎక్కువ తినడం వల్లనే విరేచనాలయ్యే పిల్లులు చాలా ఉన్నాయి. వంటింటి తూకం ఉంటే మంచిది, లేకపోతే ఒకసారి కిరాణా షాపులో తూచి ఏ గ్లాసుకి ఎంత వస్తుందో గీత పెట్టుకోండి. డ్రై ఫుడ్ తినే పిల్లికి నీళ్లు కావాలి, రోజుకి 120 మిల్లీలీటర్ల దాకా. రెండు మూడు చోట్ల వెడల్పు గిన్నెల్లో నీళ్లు పెట్టండి, తాగకపోతే ఆ తిండినే గోరువెచ్చటి నీళ్లతో తడిపి ఇవ్వండి.

ఉత్తరం మీకు చేరే సమయానికి విరేచనాలు నడుస్తుంటే రెండు మూడు రోజులు తోలు తీసిన బోన్‌లెస్ చికెన్ ఉడికించి, ఉప్పు, పసుపు, ఉల్లి ఏమీ లేకుండా, చిన్న చిన్న ముక్కలు ఐదారుసార్లు పెట్టండి. తర్వాత వారం రోజుల్లో మెల్లగా ప్యాకెట్‌కి మార్చండి. మొదటి రెండు రోజులు పావు వంతు కొత్తది, తర్వాత సగం, ఆ తర్వాత ముప్పావు, అలా. విరేచనాలు లేకపోతే చికెన్ మెట్టే అక్కర్లేదు. ఉడికించిన చికెన్ తేలిగ్గా అరుగుతుంది, నిజమే, కానీ కాల్షియం ఉండదు, దానిమీదే వారాలు గడపకూడదు.

కష్టమైన భాగం ఇక్కడుంది. ఈ కాలంలో చిట్టి నోట్లోకి వేరే ఏదీ వెళ్లకూడదు, ఒక నెత్తళ్ల తోక కూడా. వీలైతే గడప దాటనీయకండి, వీధిలో నాలుగిళ్లు తిరిగొచ్చే పిల్లికి మనం ఎంత పథ్యం పెట్టినా వృథానే. మీ అత్తగారు ప్రేమతో పెడుతున్నారు, ఆ పొద్దుటి పూట ఆవిడ నుంచి లాక్కోవద్దు, పాలన్నం బదులు కొలిచిన ప్యాకెట్ తిండి ఆవిడ చేతికే ఇవ్వండి. పిల్లి చూసేది ఆవిడ చేతికోసం కూడా. పిల్లలకి ఒక పని అప్పజెప్పండి. గోడమీది క్యాలెండర్లో రోజూ ఎన్నిసార్లు వెళ్లిందో, ఎలా ఉందో ఒక్క మాట రాయమనండి. గట్టిగా, మెత్తగా, నీళ్లలా, జిగటగా, ఇంతే చాలు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ క్యాలెండర్ కాగితం మీకంటే ఎక్కువ చెప్తుంది.

తిండి వల్ల తగ్గేదైతే రెండు వారాల్లోపే తేడా కనిపిస్తుంది. కనిపిస్తే రెండు మూడు నెలలు అదే తిండి మీద ఉంచండి, తొందరపడి పండగ ముక్క పెట్టకండి. ఆ తర్వాత కూడా కొత్తది ఏదైనా ఒక్కొక్కటే, వారం తేడాతో. మలం ఇంకా కొంచెం జిగటగా ఉంటే తియ్య గుమ్మడికాయ ఉడికించి మెదిపి ఒక చిన్న చెంచా తిండిలో కలపండి, లేదా ఇసబ్గోలు పొట్టు పావు చెంచా నీళ్లలో బాగా నానబెట్టి కలపండి. పెద్దపేగు ఇబ్బందికి ఈ పీచు బాగా పనిచేస్తుంది. రెండూ ఒకేసారి మాత్రం మొదలుపెట్టకండి, ఏది పనిచేసిందో మళ్లీ తెలియకుండా పోతుంది.

మల పరీక్షలో ఏమీ రాక, మూడు వారాలు నిష్ఠగా పెట్టినా మార్పు లేకపోతే అప్పుడు ఆ తిండిలోని మాంసమే పడట్లేదేమోనని చూడాలి. పిల్లులకి ఎక్కువగా పడనివి గొడ్డుమాంసం, చేప, కోడి. చిట్టి పుట్టినప్పట్నుంచీ చేపా కోడీ తింటోంది కాబట్టి అది ఎప్పుడూ రుచి చూడని మాంసం, బాతో మేకమాంసమో, ఎంచుకోవాలి. లేదా ప్రోటీన్‌ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చేసే హైడ్రోలైజ్డ్ ఫుడ్ అని డాక్టర్లు రాస్తారు, ఖరీదెక్కువే కానీ లెక్క తేల్చడానికి అదే మంచిది. ఇంట్లో వండి పెట్టదలిస్తే డాక్టరు చెప్పిన సప్లిమెంట్లు కలపకుండా నెలల తరబడి పెట్టకండి. నయమయ్యాక ఒకసారి పాత తిండి పెట్టి చూస్తారు, మళ్లీ విరేచనాలు వస్తే ఇక అనుమానం లేదు.

వాంతులు, పూర్తిగా తిండి మానేయడం, తారులా నల్లటి మలం, జ్వరం, ఒళ్లు వేలాడేసి మూలన కూర్చోవడం, మెడమీద తోలు పట్టి వదిలితే వెంటనే వెనక్కి పోకుండా నిలబడటం, ఇవి కనిపిస్తే ఈ కాలమ్ పక్కన పెట్టేసి అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. చిట్టికి టీకాలు వేయించినట్టు మీరు రాయలేదు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు వాంతులు, విరేచనాలతో పిల్లుల్ని రెండు మూడు రోజుల్లోనే తీసుకుపోతుంది, టీకా ఒక్కటే రక్షణ. మల పరీక్షకి వెళ్లినప్పుడే ఆ సంగతి కూడా అడగండి, నులిపురుగుల మందు మూడు నెలలకోసారి బరువు తూచి వేయించండి. ఒక నెల తర్వాత క్యాలెండర్లో ఏముందో నాకు రాయండి, ఎదురుచూస్తాను.

ప్రశ్న: మాది భావనపాడు. చేపలు శుభ్రం చేశాక పేగులూ తలకాయలూ పచ్చివే మా పిల్లికి వేస్తాం. ఏడాది పిల్లి. ఈ మధ్య తరచూ కక్కుతోంది, విరేచనాలు కూడా. తాతల నాటి నుంచీ పిల్లులు ఇలాగే తిని బతికాయి కదా, మాదానికేంటి?
– ఒక మత్స్యకార సోదరుడు

జవాబు: తమ్ముడూ, తాతల నాటి పిల్లి రేవులో చేపతోపాటు ఎలకనీ పట్టుకునేది, మీ పిల్లికి చేప తప్ప వేరేది దొరకట్లేదేమో చూడండి. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1 విటమిన్‌ని నాశనం చేసే ఎంజైము ఉంటుంది. రోజూ అవే తింటే పిల్లికి కొన్ని వారాల్లో ముందు తిండి మీద ఆశ పోతుంది, కక్కుతుంది, తర్వాత తల కిందికి వాల్చి తూలుతుంది, ఫిట్స్ వస్తాయి. ఉడికిస్తే ఆ ఎంజైము చచ్చిపోతుంది. కవళ్లు, కానాగంతల్లాంటి నూనె చేపలే నెలల తరబడి తింటే ఇ విటమిన్ చాలక ఒంట్లో కొవ్వు గట్టిపడి, ముట్టుకుంటే నొప్పితో అరుస్తుంది. పేగుల్లో పురుగులుంటాయి, ఎండలో గంటసేపు పడి ఉన్న చెత్త కుళ్లిపోతుంది, విరేచనాలకి అదొక్కటీ చాలు. పేగులు పూర్తిగా మానేయండి. చేప కండ ఉడికించి, ముళ్లు తీసి, వారానికి రెండు మూడు పూటలు వేయండి, మిగతా పూటలు కోడిమాంసమో ప్యాకెట్ ఫుడ్డో. తల వాల్చి తూలుతుంటే మాత్రం ఆలస్యం చేయకండి, బి1 ఇంజక్షన్ వేళకి పడితే చాలా పిల్లులు కోలుకుంటాయి.

ప్రశ్న: మేము ఆమదాలవలసలో టైలరింగ్ చేస్తాం. పిల్లి నిన్నట్నుంచి కక్కుతోంది, తిండి ముట్టట్లేదు, వెనక నుంచి దారం కొస వేలాడుతోంది. లాగేయమంటారా?

జవాబు: లాగకండి. ఇంకో కొస నాలుక కిందో కడుపులోనో చిక్కుకుని ఉంటే, లాగినప్పుడు దారం పేగుని రంపంలా కోసేస్తుంది. తిండి, నూనె, ఏమీ పెట్టకుండా ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, ఆపరేషన్ అవసరం కావచ్చు. ఇక మీదట దారాలు, సూదులు మూత ఉన్న డబ్బాలో ఉండాలి.

ప్రశ్న: నాకు మూడో నెల. మా పిల్లికి విరేచనాలవుతున్నాయి. కడుపులో బిడ్డకి ప్రమాదం, పిల్లిని దూరంగా వదిలేసి రమ్మని మా అమ్మ పట్టుబడుతోంది. బొబ్బిలి నుంచి రాస్తున్నాను.

జవాబు: అమ్మా, మీ అమ్మగారి భయం ఊరికే పుట్టింది కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గర్భంలో బిడ్డకి హాని చేయగలదు, అది పిల్లి మలంలో రావచ్చు. అయితే పిల్లి దాన్ని సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు, ఒకట్రెండు వారాలు మాత్రమే విడుస్తుంది, విడిచిన వెంటనే అది అంటుకోదు, కనీసం ఒక రోజు గడవాలి. అందుకే పిల్లి ఇసుక రోజూ తీసేయాలి, ఆ పని ఈ నెలలన్నీ మీరు కాకుండా ఇంట్లో ఇంకొకరు చేయాలి. పిల్లికి పచ్చి మాంసం పెట్టకండి, వేటకి బయటికి వదలకండి. సరిగ్గా ఉడకని మాంసం, కడగని ఆకుకూరలు, మట్టి పని, వీటి వల్ల కూడా మనుషులకి ఇది సోకుతుంది, కాబట్టి పిల్లిని వదిలేసి వీటి విషయంలో ఏమరుపాటుగా ఉంటే ఉపయోగం లేదు. మీ గర్భిణి డాక్టరుకి ఇంట్లో పిల్లి ఉందని చెప్పండి, అవసరమనుకుంటే రక్తపరీక్ష రాస్తారు. పిల్లి విరేచనాలకి మాత్రం పైన చీపురుపల్లి అమ్మకి చెప్పినట్టే మల పరీక్ష, పాలు బంద్, ఒకే తిండి. నమూనా డబ్బాలో తీసే పని మాత్రం మీరు పెట్టుకోకండి, మీవారికి అప్పజెప్పండి.